ఉచిత ఆన్‌లైన్ కోర్సులతోనే నేర్చుకోగలనా? టెక్కలి వైపు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడాది, కంప్యూటర్స్ చదువుతోంది. డేటా ఉద్యోగాల వైపు వెళ్ళాలని ఉంది. ఏడాదిగా ఫోన్లో కనిపించిన ప్రతి ఉచిత కోర్సులోనూ చేరింది, ఒక్కటీ పూర్తి కాలేదు. పాఠాల్లోని ఇంగ్లీషు అందడం లేదు. ల్యాప్‌టాప్ లేదు. విశాఖపట్నంలో కోచింగ్‌కి పంపడానికి నాన్న అప్పు చేస్తానంటున్నారు. ఉచిత కోర్సులతో నిజంగా నేర్చుకోవచ్చా, ఆ సర్టిఫికెట్లకు విలువ ఉందా, లేక ఇది తన వల్ల కాదనుకుని వదిలేయాలా అని అడుగుతోంది.

అమ్మా, నా దగ్గర చదువుకునే పిల్లల వయసే నీది కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను విజయనగరం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి ఇచ్చే ఉచిత ఆన్‌లైన్ కోర్సులే ఎన్‌పీటెల్. మా కాలేజీలో దాని లోకల్ చాప్టర్ పని కూడా చాలా ఏళ్ళుగా నేనే చూస్తున్నాను. అంటే ఈ కోర్సుల్లో పిల్లల్ని చేర్పించడం, వాళ్ళు మధ్యలో ఆగిపోకుండా చూడడం, పరీక్ష దాకా తీసుకెళ్ళడం నా పని.

ముందు నాన్నగారి అప్పు సంగతి. ఇప్పుడే వద్దని చెప్పు. ఆరు నెలల తర్వాత కూడా కోచింగ్ కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించుకోవచ్చు. పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష), స్టాటిస్టిక్స్ మొదటి మెట్లు నేర్చుకోవడానికి ఈ రోజు ఎవరూ అప్పు చేయక్కర్లేదు. దేశంలోని మంచి అధ్యాపకులు చెప్పిన పాఠాలు నీ ఫోన్లో ఉచితంగా ఉన్నాయి. ఆ మాటలో అతిశయోక్తి లేదు.

అయితే నువ్వు ఒక్కదానివే గదిలో కూర్చుని, రాత్రి పడుకునే ముందు ఫోన్లో చూసి నేర్చుకోగలవా అంటే, చాలామంది అలా నేర్చుకోలేరు. అది నీ లోపం కాదు. ఈ సంగతి నువ్వు గట్టిగా నమ్మాలి, అందుకే లెక్కలతో చెబుతాను.

అమెరికాలో ఎంఐటీ, హార్వర్డ్ కలిసి 2012లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక పెట్టాయి. మొదటి ఏడాది 17 కోర్సులకు 8,41,687 నమోదులు వచ్చాయి. సర్టిఫికెట్ దాకా వచ్చినవి 43,196. అంటే దాదాపు 5 శాతం. నమోదైన వాళ్ళలో మూడో వంతు మంది పాఠం ఒక్కసారి కూడా తెరవలేదు. తర్వాత ఏళ్ళలోనైనా మెరుగుపడిందా అని అదే సమాచారాన్ని ఇద్దరు పరిశోధకులు చూసి 2019లో సైన్స్ పత్రికలో రాశారు. 2017-18 నాటికి పూర్తి చేసిన వాళ్ళు 3 శాతం దగ్గరికి పడిపోయారు. కానీ సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టి చేరిన వాళ్ళలో దాదాపు సగం మంది పూర్తి చేశారు. పాఠం అదే, వీడియో అదే. కట్టుబడి ఉండడానికి ఒక కారణం ఉన్నవాళ్ళు నిలబడ్డారు, లేనివాళ్ళు జారిపోయారు.

కాబట్టి నువ్వు ఏడెనిమిది కోర్సుల్లో చేరి వదిలేశావంటే ప్రపంచంలో నూటికి 95 మంది చేసిందే చేశావు.

ఈ కోర్సులు మొదలైనప్పుడు ఎంత ఆశ ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎంఐటీ తన పాఠాలన్నీ ఉచితంగా ఇంటర్నెట్లో పెడతానని 2001లో ప్రకటించింది. 2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కోర్సును ఆన్‌లైన్లో పెడితే లక్షా అరవై వేల మంది చేరారు. మరుసటి ఏడాదే యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ అనే కోర్సుల వేదికలు వరసగా వచ్చాయి. ఇక కాలేజీలు మూతపడతాయని, పేద దేశాల పిల్లలందరికీ గొప్ప విశ్వవిద్యాలయాల చదువు అందుతుందని పత్రికలు రాశాయి. మా స్టాఫ్ రూమ్‌లో కూడా ఆ చర్చ జోరుగా సాగేది.

ఆ రోజుల్లో అందరూ చెప్పుకున్న కథ ఒకటుంది. ఎంఐటీ పెట్టిన సర్క్యూట్స్ కోర్సులో లక్షన్నర మంది చేరితే పాసైంది ఏడు వేల మంది. పూర్తి మార్కులు తెచ్చుకున్న కొద్దిమందిలో మంగోలియాకు చెందిన 15 ఏళ్ళ కుర్రాడు ఒకడు. తర్వాత ఎంఐటీలోనే సీటు వచ్చింది. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎక్కడి పిల్లలైనా పైకి రావచ్చు అనడానికి ఈ కథే చెప్పేవారు. కథలో సగం వదిలేసేవారు. ఆ కుర్రాడి బడి ప్రిన్సిపాల్ ఎంఐటీలో చదివి వచ్చిన మనిషి. ఈ కోర్సును తన బడికి తెచ్చి, కొంతమంది పిల్లల్ని కూర్చోబెట్టింది ఆయనే. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఒక యువకుడిని పిలిపించారు. అతను ప్రయోగశాల సామాను వెంట తెచ్చి పిల్లలతో సర్క్యూట్లు చేయించాడు. కుర్రాడి తెలివి నిజమే. దాంతోపాటు ఒక గది, తోటి పిల్లలు, దగ్గరుండి చెప్పే మనిషి, చేత్తో పట్టుకుని చూసే వస్తువులు కూడా ఉన్నాయి.

ఉచిత కోర్సు పాఠాన్ని ఇస్తుంది. నువ్వు ఈ రోజు ఎందుకు రాలేదని అడిగే మనిషిని ఇవ్వదు. అర్థం కాక నీ ముఖం మారితే ఆగి మళ్ళీ చెప్పేవాళ్ళను ఇవ్వదు. పలాసలో జీడి పని చూసినదానివి కదా, పిక్క చేతికొచ్చినంత మాత్రాన పప్పు రాదు, కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం అక్కడ కూర్చున్న మనుషులే చేయాలి. ఈ చదువులో మనకి ఉచితంగా వచ్చింది పిక్క. మిగతా పని మన ఊళ్ళో, మన మనుషులతో జరగాలి.

మా కాలేజీలో ఏటా కనిపించేది చెబుతాను. ఒంటరిగా చేరినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళయినా మూడో వారం, నాలుగో వారం దగ్గర ఆగిపోతారు. మొదటి రెండు వారాలు తేలిగ్గా ఉంటాయి, ఆ తర్వాత ఒక పాఠం అర్థం కాదు, అది రేపు చూద్దామనుకుంటారు, అసైన్‌మెంట్ గడువు దాటిపోతుంది, దాటింది కదా అని ఇక తెరవరు. నలుగురైదుగురు కలిసి కూర్చునే గుంపులు మాత్రం పరీక్ష దాకా వస్తాయి. ఆ గుంపులో అందరూ చురుకైనవాళ్ళు కానక్కర్లేదు. ఒకరు రాకపోతే మిగతావాళ్ళు ఫోన్ చేస్తారు, అది చాలు.

అందుకని నువ్వు చేయాల్సిన మొదటి పని ఇంకో కోర్సు వెతకడం కాదు, నలుగురిని వెతకడం. మీ క్లాసులోనే అడుగు. హాస్టల్లో ఉన్నవాళ్ళయితే ఇంకా మంచిది, బస్సు వేళల గొడవ ఉండదు. నువ్వు టెక్కలి నుంచి రోజూ వచ్చిపోతుంటే సాయంత్రం బస్సుకి ముందు గంట చూసుకో. వారానికి రెండు రోజులు, ఒకే గది, ఒకే వేళ. ఆ గంటలో వీడియో అందరూ కలిసి చూడండి, కానీ మొత్తం ఒక్కసారి చూడకండి. ఐదు నిమిషాలకోసారి ఆపండి. ఆపిన చోట ఒకరు లేచి ఇప్పుడు విన్నది తెలుగులో చెప్పాలి. ఎవరు చెప్పాలన్నది ముందుగా అనుకోకండి, చీటీ తీయండి. చెప్పలేకపోతే వెనక్కి జరిపి మళ్ళీ చూడండి. అరగంట వీడియోకి ఒకోసారి గంటన్నర పడుతుంది. పడనీ. నువ్వు ఇన్నాళ్ళూ అరగంటలో చూసి వదిలేసిన వీడియో నీ దగ్గర మిగల్లేదు, ఇది మిగులుతుంది.

ఇంగ్లీషు గురించి నువ్వు రాసిన మాట నన్ను ఎక్కువ కదిలించింది. "అర్థం కావట్లేదంటే నాకు తెలివి లేదేమో అనిపిస్తోంది" అన్నావు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఈ మాట నాతో ఎంతమంది అన్నారో. పాఠంలోని విషయం కష్టమా, అది చెప్పిన భాష కష్టమా అన్నది ముందు విడదీసి చూసుకోవాలి. లూప్ అంటే, ప్రోగ్రాంలో ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం, ఏమిటో తెలుగులో చెబితే పది నిమిషాల్లో పట్టుకునే పిల్ల, ఇంగ్లీషులో వేగంగా వినేసరికి లూప్ మొత్తమే కష్టమనుకుంటుంది.

మన ప్రాంతంలో ఈ సంగతి గ్రహించిన మహానుభావుడు గిడుగు రామమూర్తి పంతులు గారు. ముఖలింగం దగ్గర పుట్టి, విజయనగరంలో చదువుకుని, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పాలంటే వాళ్ళ భాషలోనే చెప్పాలని ఆ భాష తాను నేర్చుకున్నారు, అందులో వాచకాలు తయారుచేశారు, బడులు నడిపించారు. పుస్తకాల తెలుగు జనం మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని పోరాడిందీ ఆయనే. వందేళ్ళు దాటింది. ఇవాళ సీతంపేట కొండల్లోని సవర పిల్లవాడి చేతిలో ఫోన్ పెట్టి, అందులో ప్రపంచంలోని పాఠాలన్నీ ఉన్నాయని చెబుతున్నాం. వాడి భాషలో ఎన్ని ఉన్నాయని అడిగితే మన దగ్గర జవాబు లేదు. తెలుగు పరిస్థితి అంత అధ్వాన్నం కాదు గానీ, డిగ్రీ స్థాయి పాఠాలు సరిపడా ఉన్నాయని ఎవరూ అనలేరు.

ఉన్నవాటిని మాత్రం వాడుకో. ఎన్‌పీటెల్ కోర్సుల్లో కొన్నిటికి తెలుగు సబ్‌టైటిళ్ళు, తెలుగులోకి అనువదించిన పాఠాలు ఉన్నాయి. తెలుగు పాఠం ముందు చదివి, తర్వాత ఇంగ్లీషు వీడియో చూడు. అప్పుడు చెవి సగం పని చేస్తే చాలు. వీడియో వేగం ముప్పావుకి తగ్గించుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది, ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్. ఒక్కో పాఠం పది నిమిషాల చుట్టుపక్కల ఉంటుంది. తెర మీద కనిపించే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులోనే ఉంటుంది, వివరించే గొంతు తెలుగులో దొరుకుతుంది. నువ్వు పక్కన సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, వాళ్ళు చేసింది ఆపి ఆపి చేస్తూ పోవాలి. అలా చేయడానికే తయారుచేశారు వాటిని. లైనక్స్, పైథాన్, డేటాబేస్‌ల మొదటి పరిచయానికి నేను మా మొదటి ఏడాది పిల్లలకి ఇవే ఇస్తాను. నోట్సు రాసేటప్పుడు వేరియబుల్, ఫంక్షన్ లాంటి మాటల్ని అలాగే ఉంచి, వివరణ నీ తెలుగులో రాసుకో. ఆరు నెలల్లో ఆ ఇంగ్లీషు మాటలు వాటంతటవే అలవాటవుతాయి.

ఇప్పుడు ఎందులో చేరాలి అన్నది. ఒకటే ఒకటి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్లో ఎన్‌పీటెల్ వాళ్ళ పైథాన్ కోర్సులు ఉన్నాయి. ఐఐటీ రోపర్ అధ్యాపకులు చెప్పే 12 వారాల కోర్సు ప్రోగ్రామింగ్ ఏమీ తెలియని వాళ్ళ కోసమే. ఈ కోర్సులు ఎక్కువగా జనవరిలో, జులైలో మొదలవుతాయి. మిగతా ఏడింటినీ ఫోన్లోంచి తీసేయ్. రోజూ వచ్చే "మీరు వెనకబడ్డారు" అన్న ఈమెయిళ్ళు మనిషిని కుంగదీస్తాయి, ఆ టెన్షన్ నీకెందుకు.

ఎన్‌పీటెల్‌ని ఎందుకు ముందు పెడుతున్నానంటే, అందులో నమోదు, పాఠాలు, అసైన్‌మెంట్లు అన్నీ ఉచితం, చివర్లో మాత్రం కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్ష ఉంటుంది. ఇష్టమైతేనే ఆ పరీక్షకి ఫీజు కట్టాలి, అది వెయ్యి రూపాయల దగ్గర్లో ఉంటోంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, దివ్యాంగులకు రాయితీ ఉంది, ఫారం నింపేటప్పుడు చూసుకో. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో ఎక్కువ మార్కులు వచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి కోతల రోజుల్లోనో, ఇంట్లో పెళ్ళి వచ్చినప్పుడో ఒకటి రెండు వారాలు పోయినా కంగారు పడి వదిలేయొద్దు. చాలామంది పొరపడేది ఒకటుంది: కోర్సులో నమోదైతే పరీక్షకి కూడా నమోదైనట్టే అనుకుంటారు. కాదు, పరీక్షకి వేరే ఫారం, వేరే గడువు. ఆ ఫారంలోనే పరీక్ష ఊరు ఎంచుకోవాలి. దగ్గర్లో కేంద్రం లేక విశాఖపట్నం పడితే ప్రయాణ ఖర్చు కూడా లెక్కలో వేసుకో.

అసైన్‌మెంట్ల జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో వారం వారం వస్తుంటాయి. నీకూ ఎవరో ఒకరు పంపుతారు. వాటిని చూసి 25కి 25 తెచ్చుకున్న పిల్లలు పరీక్షలో 30 దాటలేక ఏడుస్తూ నా గదికి వచ్చిన సందర్భాలున్నాయి. మూడు నెలలు వాళ్ళు అనుకున్నది తాము చదువుతున్నామని. ఇంతకన్నా బాధ కలిగించేది నాకు ఇంకొకటి లేదు. గుంపులో మొదటి రోజే మాట అనుకోండి: తప్పు జవాబైనా మనదే పెడదాం.

సర్టిఫికెట్ విలువ గురించి ఎక్కువ చెప్పను. వీడియోలు చూసి క్విజ్ క్లిక్ చేస్తే వచ్చే సర్టిఫికెట్‌ని ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు. కేంద్రంలో కూర్చుని రాసిన పరీక్ష సర్టిఫికెట్‌ని కొంత చూస్తారు. అన్నిటికన్నా ఎక్కువ చూసేది నువ్వు చేసిన పని. టెక్కలి సంతలో కూరగాయల ధరలు వారం వారం రాసుకుని, ఆరు నెలల లెక్కను పైథాన్‌లో గ్రాఫులుగా చేసి, తుపాను వచ్చిన వారం ఏమైందో చెప్పగలిగితే, దాని గురించి నిన్ను అరగంట అడుగుతారు. ఆ అరగంట నువ్వు మాట్లాడగలవు, ఎందుకంటే ఆ అంకెలు నువ్వే తెచ్చావు. ప్రభుత్వం 2012 నుంచి ఓపెన్ డేటా పోర్టల్ నడుపుతోంది, అందులోని సమాచారం కూడా తీసుకుని నీ లెక్కలతో పోల్చి చూడు.

క్రెడిట్ల సంగతి వేరు. స్వయం కోర్సుల్లో వచ్చిన క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ 2016లో నిబంధన తెచ్చింది. మొదట 20 శాతం దాకా అనుమతించి, 2021లో 40 శాతానికి పెంచింది. సాధారణంగా 12 వారాల కోర్సుకి 3 క్రెడిట్లు. కానీ కాలేజీ, విశ్వవిద్యాలయం ఆ కోర్సును ముందే ఒప్పుకుని ఉండాలి. చేరకముందే మీ పరీక్షల విభాగంలో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకో. పూర్తయ్యాక అడిగితే పని కాదు.

ఇక్కడ ఒక మాట నీకు కాదు, ఇది చదివే మా తోటి అధ్యాపకులకూ, యాజమాన్యాలకూ. లెక్చరర్ లేని సబ్జెక్టుకి ఆన్‌లైన్ కోర్సు చూపించి, ఇక పోస్టు భర్తీ చేయక్కర్లేదని అనుకోవడం ఎక్కడైనా మొదలైతే దాన్ని మనం ఆపాలి. అమెరికాలో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ 2013లో యుడాసిటీతో కలిసి లెక్కలు, స్టాటిస్టిక్స్ కోర్సులు ఆన్‌లైన్లో నడిపింది. అందులో చేరినవాళ్ళలో చాలామంది అంతకుముందే లెక్కల్లో వెనకబడినవాళ్ళు, పేద ఇళ్ళ పిల్లలు. తరగతి గదిలో చదివిన వాళ్ళకన్నా వీళ్ళ ఫలితాలు బాగా తక్కువగా రావడంతో కొన్ని నెలలకే ఆ ప్రయత్నాన్ని ఆపారు. అదే ఏడాది వేసవిలో నడిపిన కోర్సుల్లో ఫలితాలు మెరుగుపడ్డాయి, కానీ వాటిలో చేరినవాళ్ళలో చాలామందికి అప్పటికే డిగ్రీలు ఉన్నాయి. చదువు వచ్చినవాళ్ళకి ఈ కోర్సులు బాగా పనికొస్తాయి, చదువు అందక వచ్చినవాళ్ళకి పక్కన మనిషి లేకుండా పనికిరావు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం అదే ఏడాది తన కోర్సెరా విద్యార్థుల్ని సర్వే చేస్తే, భారత్, చైనా, బ్రెజిల్, రష్యా, దక్షిణాఫ్రికా నుంచి చేరినవాళ్ళలో దాదాపు 80 శాతం ఆయా దేశాల్లో డబ్బులో, చదువులో పైన ఉన్న 6 శాతం జనంలోంచే వచ్చారని తేలింది. ఉన్నవాడికే ఇంకొంచెం దొరికింది. శ్రీకాకుళం నుంచి వలస కూలీగా వెళ్ళిన మనిషి కూతురికి దొరకాలంటే, వీడియో తయారీకి పెట్టినంత శ్రద్ధ ఆ వీడియో ముందు కూర్చున్న పిల్ల మీద కూడా పెట్టాలి. కాలేజీలో ఒక అధ్యాపకుడికి వారానికి నాలుగు గంటలు ఈ పనికే కేటాయించి, దాన్ని అతని వర్క్‌లోడ్‌లో లెక్కించండి. అదనపు పనిగా నెత్తిన పెడితే రెండో సెమిస్టర్‌కి ఎవరూ ముందుకు రారు.

మళ్ళీ నీ దగ్గరికి వస్తాను. 2016లో డేటా ధరలు పడిపోయాక నెట్ ఖర్చు పెద్ద అడ్డంకి కాదు, కానీ మన దగ్గర సిగ్నల్, కరెంటు రెండూ నమ్మలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో ఎన్ని రోజులు చీకటో నీకు గుర్తుండే ఉంటుంది. అందుకని వారం పాఠాలు కాలేజీ వైఫైలో ముందే దించుకో. ఒకరు దించితే మిగతావాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చు, అయితే అలా ఇవ్వడానికి అనుమతి ఉన్నవీ, లేనివీ ఉంటాయి. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్, స్పోకెన్ ట్యుటోరియల్ లాంటివి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వస్తాయి. దించుకోవచ్చు, పంచుకోవచ్చు, మూలం చెప్పి తెలుగులోకి మార్చి లైసెన్సు షరతుల ప్రకారం మళ్ళీ పంచవచ్చు. కంపెనీల కోర్సులు అలా కాదు. ఈ రోజు ఉచితంగా చూపించి, రేపు డబ్బు అడగవచ్చు. కోర్సెరా మొదట్లో పూర్తి చేసిన ధ్రువపత్రం ఉచితంగానే ఇచ్చేది, కొన్నేళ్ళకి అది పోయింది. లాభాపేక్ష లేని సంస్థగా మొదలైన ఎడెక్స్‌ని 2021లో 80 కోట్ల డాలర్లకి టూయూ అనే కంపెనీకి అమ్మేశారు, ఆ కంపెనీ 2024లో దివాలా రక్షణ కోరింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుని డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు కోర్సులు ఉచితంగా ఇప్పించింది. అలాంటి అవకాశం వస్తే తప్పకుండా వాడుకో, చదివిన నోట్సు మాత్రం నీ దగ్గర ఉంచుకో. నాకైతే ప్రజల డబ్బుతో, పంచుకునే హక్కుతో వచ్చే పాఠాల మీదే ఎక్కువ నమ్మకం. 2003లో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ప్రభుత్వాలు మారినా ఇప్పటికీ నడుస్తోంది.

ల్యాప్‌టాప్ లేదన్నావు. పాఠం చూడడానికి ఫోన్ సరిపోతుంది, ప్రోగ్రాం రాయడానికి సరిపోదు. గూగుల్ కొలాబ్ ఫోన్ బ్రౌజర్లో తెరుచుకుంటుంది, పైథాన్ నడుస్తుంది, కానీ ఆ చిన్న కీబోర్డు మీద ఇరవై లైన్లు కొట్టేసరికి విసుగొస్తుంది. విసుగుతో మానేస్తావేమోనని నా భయం. నోట్సులో పెన్నుతో ప్రోగ్రాం రాసుకుని వెళ్ళి, ల్యాబ్‌లో కొట్టి చూడడం మంచి అలవాటు, చేతితో రాసినప్పుడు తప్పులు ముందే కనబడతాయి.

మీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉండే ఉంటుంది, క్లాసుల తర్వాత తాళం పడుతుంది. మీ నలుగురూ కలిసి ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాయండి. వారంలో రెండు సాయంత్రాలు, ఏ రోజులో, ఏ వేళ నుంచి ఏ వేళ దాకానో స్పష్టంగా రాయండి. ఏ కోర్సు, ఎన్ని వారాలు, పరీక్ష ఎప్పుడు అన్నది రాయండి. ల్యాబ్ అసిస్టెంట్ ఇంటికి వెళ్ళే వేళ దాటదని రాయండి, తిరస్కరణ ఎక్కువగా అక్కడే వస్తుంది. కంప్యూటర్స్ విభాగంలో మీకు నచ్చిన ఒక మేడమ్‌నో, సార్‌నో ముందే కలిసి, నెలకోసారి వచ్చి మా సందేహాలు చూస్తారా అని అడిగి, వారి పేరు కూడా అర్జీలో పెట్టండి. మీ కాలేజీ ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ అవునో కాదో కూడా అడగండి. కాకపోతే ప్రిన్సిపాల్ ఒప్పుకుని, ఒక అధ్యాపకుడికి బాధ్యత ఇచ్చి దరఖాస్తు చేయవచ్చు. ఆ వివరాలు కావాలంటే ఈ జవాబు కిందే అడుగు, ఫారం ఎలా నింపాలో దగ్గరుండి చెబుతాను. నలుగురు దొరకకపోయినా, ఇద్దరితో మొదలుపెట్టినా సరే, అర్జీ మాత్రం ఈ వారమే ఇవ్వండి. కోర్సు మొదలయ్యే నాటికి ల్యాబ్ తాళం సంగతి తేలిపోవాలి.